కృప పొందిన ఓడ కెప్టెన్ జాన్ న్యూటన్

న్యూటన్ అనగానే మనకు గుర్తొచ్చేది చెట్టు, యాపిల్ పండు, గురుత్వాకర్షణ. ఈ వ్యాసం ఆ న్యూటన్ గురించి కాదు. ఐజాక్ న్యూటన్ 1727లో కన్నుమూసేనాటికి లండన్‌లో ఇంకో న్యూటన్‌కి రెండేళ్ళు కూడా నిండలేదు. అతని పేరు జాన్. ఇతను ఏ సూత్రమూ కనిపెట్టలేదు, ఒక పాట రాశాడు. 'అమేజింగ్ గ్రేస్' అనే ఆ పాట ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా తెలుసు. క్రిస్మస్ కూడికల్లో, టీవీలో, సెల్‌ఫోన్ రింగ్‌టోన్లలో ఆ రాగం మనం వింటూనే ఉన్నాం. అయితే ఆ పాట రాసినవాడు మనుషుల్ని కొని, గొలుసులు వేసి, ఓడలో నింపి అమ్మిన వ్యాపారి అని మాకు పీజీలో చేరాకే తెలిసింది. తెలిసిన రోజు నుంచి ఒక ప్రశ్న పట్టుకుంది. దేవుడు న్యాయవంతుడంటారు, కనికరం గలవాడనీ అంటారు. అలాంటివాడిని దేవుడు క్షమిస్తే, అతను అమ్మేసిన మనుషులకు జరిగిన న్యాయం ఏమిటి?

మన హాస్టల్లో ఆదివారం ప్రేయర్‌కి వెళ్ళేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, మసీదుకి వెళ్ళేవాళ్ళున్నారు, ఎక్కడికీ వెళ్ళకుండా బట్టలు ఉతుక్కునేవాళ్ళూ ఉన్నారు. ఈ ప్రశ్న ఒక మతం వాళ్ళది మాత్రమే అని మేము అనుకోవడం లేదు. అందుకే ఈ సంవత్సరం సంచికకు ఈ జీవిత కథను ఎంచుకున్నాం.

జాన్ న్యూటన్ 1725 జూలై 24న లండన్‌లోని వాపింగ్ అనే రేవు పేటలో పుట్టాడు. తండ్రి వ్యాపార ఓడకు కెప్టెన్. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీదే గడిపేవాడు. తల్లి ఎలిజబెత్ చాలా భక్తిపరురాలు. కొడుకును పాస్టర్‌ని చేయాలని ఆమె కోరిక. నాలుగేళ్ళకే చదవడం నేర్పింది, బైబిలు భాగాలు, పాటలు కంఠతా పట్టించింది. కానీ ఆమెకు క్షయ. కొడుకుకు ఏడో పుట్టినరోజు రాకముందే 1732లో చనిపోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లవాడిని రెండేళ్ళు బోర్డింగు స్కూల్లో వేశారు. అతని బడి చదువు అంతే. పదకొండో ఏట తండ్రి తనతో పాటు ఓడ ఎక్కించాడు.

పదిహేడేళ్ళ వయసులో, 1742 చివర్లో, తల్లి స్నేహితురాలి ఇంటికి వెళ్ళి అక్కడ మేరీ అనే అమ్మాయిని చూశాడు. ఆమెకు ఇంకా పద్నాలుగు నిండలేదు. మూడు రోజులుండి వద్దామని వెళ్ళినవాడు మూడు వారాలు ఉండిపోయాడు. ఈలోగా జమైకాలో అతనికి ఉద్యోగం ఇప్పిస్తామన్న ఓడ వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఇలాగే నడిచింది. 1744లో బ్రిటిష్ నౌకాదళం వాళ్ళు దారిలో పట్టుకుని బలవంతంగా 'హార్విచ్' అనే యుద్ధనౌకలో చేర్చుకున్నారు. ఆ రోజుల్లో సైన్యానికి మనుషులు కావాలంటే వీధిలో దొరికినవాణ్ణి దొరికినట్టు లాక్కెళ్ళేవారు. తండ్రి పలుకుబడితో చిన్న అధికారి పదవి దొరికినా, ఓడ దిగి పారిపోబోయి దొరికిపోయాడు. అందరి ముందు చొక్కా విప్పించి కొరడాలతో కొట్టి, పదవి పీకేసి మామూలు నావికుల్లో కలిపారు. ఆ ఓడ నిజానికి మన ఇండియా వైపు బయలుదేరిందే! మదీరా దీవి దగ్గర, వేరే ఓడకు మనుషులు మారుస్తుంటే ఇతను బతిమాలుకుని మారాడు. ఆ రెండో ఓడ పశ్చిమ ఆఫ్రికాకు, బానిసల వ్యాపారానికి వెళుతోంది. అలా ఇండియాకి రావలసినవాడు సియెర్రా లియోన్ తీరానికి చేరాడు.

ఇక్కడ మేము కొంచెం ఆగి చెప్పాలనుకుంటున్నాం. ఎందుకంటే ఈ కథలో అందరూ చెప్పేది తుఫాను గురించే. మాకు మాత్రం తుఫానుకంటే ఈ ప్లాంటేన్ దీవులే ముఖ్యం అనిపించింది.

సియెర్రా లియోన్ తీరం దగ్గర ఆ దీవుల్లో క్లో అనే తెల్ల వ్యాపారి దగ్గర న్యూటన్ పనికి కుదిరాడు. క్లోతో కాపురముంటున్న ఆఫ్రికా స్త్రీకి ఆ ప్రాంతంలో మంచి పలుకుబడి ఉండేది. ఆమెకు ఇతనంటే గిట్టలేదు. న్యూటన్‌కి జ్వరం తగిలి మంచం పట్టినప్పుడు తాగడానికి నీళ్ళు దొరకడం కూడా కష్టమైంది. ఆమె తిని వదిలిన పళ్ళెంలోని మెతుకులు అతనికి పెట్టేవారు. తర్వాత దొంగతనం చేశాడన్న నింద పడింది. క్లో ఒడ్డుకు వెళ్ళినప్పుడల్లా అతన్ని పడవ డెక్కు మీద గొలుసు వేసి కట్టేసి, రోజుకు ఇంత బియ్యం అని కొలిచి పెట్టి పోయేవాడు. ఒంటి మీద ఉన్నది ఒకటే చొక్కా. రాత్రిపూట దాన్నే బండల మీద ఉతుక్కుని, తడిదే తొడుక్కుంటే ఒంటి మీదే ఆరేది. అంతటి స్థితిలోనూ అతని దగ్గర ఒక పుస్తకం ఉంది. యూక్లిడ్ జ్యామితి. ఎవరూ చూడనప్పుడు దీవి చివరకు వెళ్ళి పొడుగు కర్రతో ఇసుకలో త్రిభుజాలు, వృత్తాలు గీస్తూ మొదటి ఆరు భాగాలూ చాలావరకు నేర్చేసుకున్నాడట. లెక్కలంటే భయపడే మన తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ ఆకలి రోజుల్లో అతనికి అన్నం పెట్టింది ఎవరో తెలుసా? అమ్మకానికి సిద్ధంగా గొలుసుల్లో కట్టి ఉంచిన బానిసలు. తమకు పెట్టిన ఆ కొంచెంలోంచే, యజమాని కంటపడకుండా, తీసి అతనికి పంపేవారు. ఈ మాట ఎవరో పుట్టించింది కాదు. న్యూటనే తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. కానీ వాళ్ళ పేర్లు రాయలేదు. వాళ్ళు ఏ ఓడ ఎక్కారో, ఏ దేశంలో దిగారో చరిత్రలో లేదు. కనికరం అనేది న్యూటన్ జీవితంలోకి ఆకాశం నుంచి వచ్చింది కంటే ముందు ఆ గొలుసుల్లోంచి వచ్చింది. ఈ సంగతి అతనికి అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

తండ్రి కొడుకును వెతికించాడు. తెలిసిన వ్యాపారి ఓడ 'గ్రేహౌండ్' 1747లో ఆ తీరానికి వచ్చి అతన్ని ఎక్కించుకుంది. అది బానిసల ఓడ కాదు. బంగారం, ఏనుగు దంతాలు, తేనెమైనం, రంగు కలప కొనుక్కుని పోయే ఓడ. న్యూటన్ అప్పటికి పూర్తి నాస్తికుడు. అది పెద్ద నేరమేమీ కాదు. కానీ అతని నోటి దురుసుతనం నావికులకే రోత పుట్టించేది, బూతులకు పేరుపడ్డ కెప్టెన్ కూడా అతన్ని మందలించేవాడట. 1748 మార్చిలో ఉత్తర అట్లాంటిక్ మీద ఒక రాత్రి తుఫాను వచ్చింది. పాత లెక్క ప్రకారం మార్చి 10, ఇప్పటి క్యాలెండర్ ప్రకారం 21. నిద్రలో ఉండగానే గదిలోకి నీళ్ళు వచ్చాయి. పైకి పరుగెత్తబోతుంటే కెప్టెన్ ఎదురై కత్తి తెమ్మన్నాడు. దానికోసం వెనక్కి తిరిగాడు. అతని బదులు పైకి ఎక్కిన మనిషిని అల లాక్కుపోయింది. ఓడ ఒక పక్క చెక్కలు ఊడిపోయాయి. సరుకు మైనం, కలప కాబట్టి, నీళ్ళకంటే తేలిక కాబట్టి తేలింది. లేకపోతే మునిగేదే. గంటల తరబడి పంపు కొట్టాడు. చేతకాక పడిపోయాక లేచి చుక్కాని పట్టుకుని పదకొండు గంటలు నిలబడ్డాడు.

చుక్కాని దగ్గర నిలబడ్డ ఆ గంటల్లోనే అతనికి తల్లి నేర్పిన వాక్యాలు గుర్తొచ్చాయి. తెలియకుండానే దేవుని కనికరం కోరుతూ ఒక మాట నోట్లోంచి వచ్చింది. వెంటనే తనకే సందేహం వచ్చింది. తనలాంటివాడికి కనికరం ఏమిటి? దేవుడే గనక ఉంటే, ఆయన న్యాయవంతుడే అయితే, తనకు శిక్ష తప్ప ఇంకేమీ రాకూడదు కదా! ఇది భయపడిన మనిషి మామూలు ఆలోచన కాదు. ఉన్న చిక్కంతా ఇందులోనే ఉంది. ఓడ ఎలాగో ఏప్రిల్‌లో ఐర్లండ్ తీరం చేరేలోపు అతను సువార్తలు చదివాడు. మూడేళ్ళు కాయకపోయినా ఇంకొక్క ఏడు గడువు దొరికిన అంజూరపు చెట్టు కథ, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుడి కథ తనవేనని అనుకున్నాడు. చనిపోయే వరకూ ప్రతి సంవత్సరం ఆ తుఫాను రోజును దేవుని కృపా దినంగా పాటించాడు.

క్రైస్తవ విశ్వాసంలో ఈ చిక్కుకు ఇచ్చే జవాబు చాలామందికి తెలిసిందే. తెలియని మిత్రుల కోసం మాకు అర్థమైనంతలో చెబుతాం. దేవుడు నీతిమంతుడు కాబట్టి పాపాన్ని చూసీ చూడనట్టు వదలడు. ప్రేమగలవాడు కాబట్టి పాపి నశించిపోవడం ఆయనకు ఇష్టం ఉండదు. ఈ రెండూ కలిసే చోటు సిలువ. మనిషికి రావలసిన శిక్ష యేసు మీద పడింది, అందువల్ల న్యాయం నెరవేరింది. ఆ శిక్ష తప్పినవాడికి దొరికింది కృప. అది జీతం కాదు, బహుమానం. న్యూటన్ జీవితమంతా దీని మీదే నిలబడ్డాడు. పాపుల్లో తానే ప్రధానుడినని అపొస్తలుడైన పౌలు చెప్పుకున్న తిమోతి మొదటి పత్రిక మొదటి అధ్యాయం అతనికి చాలా ఇష్టం. అదే అధ్యాయంలో, ఆ వచనానికి అయిదు వచనాల ముందు, ధర్మశాస్త్రం ఖండించే నేరస్తుల జాబితా ఒకటుంది. అందులో మనుష్యచోరులు కూడా ఉన్నారు. అంటే మనుషుల్ని ఎత్తుకుపోయి అమ్మేవాళ్ళు.

ఎందుకు చెబుతున్నామంటే, చాలామంది కథ ఇక్కడే ముగిస్తారు. తుఫాను వచ్చింది, మారిపోయాడు, పాట రాశాడు అని. అలా జరగలేదు. మారుమనస్సు పొందిన ఆ సంవత్సరమే అతను 'బ్రౌన్‌లో' అనే బానిసల ఓడలో మేట్‌గా, అంటే కెప్టెన్ తర్వాతి అధికారిగా చేరాడు. ఆ ఓడ 1749లో అమెరికాలోని చార్లెస్టన్ రేవుకు వెళ్ళింది. ఇంగ్లండ్ తిరిగొచ్చి 1750లో మేరీని పెళ్ళి చేసుకున్నాడు. తర్వాత తానే కెప్టెన్ అయి 'డ్యూక్ ఆఫ్ ఆర్గైల్' మీద ఒకసారి, 'ఆఫ్రికన్' మీద రెండుసార్లు, మొత్తం మూడు ప్రయాణాలు చేశాడు. ఆదివారాల్లో నావికులందరినీ పోగుచేసి ప్రార్థన జరిపించేవాడు. తీరిక వేళల్లో లాటిన్ నేర్చుకునేవాడు. భార్యకు ప్రేమలేఖలు రాసేవాడు. అదే సమయంలో డెక్కు కింద మనుషులు ఇద్దరిద్దరుగా సంకెళ్ళలో పడుకుని ఉన్నారు. ఆ ప్రయాణాల రోజువారీ పుస్తకం ఇప్పటికీ ఉంది, 1962లో అచ్చయింది కూడా. అందులో చనిపోయినవాళ్ళకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఫలానా నంబరు మగమనిషి, ఫలానా నంబరు ఆడపిల్ల, సముద్రంలో వేశాం, అంతే. తిరుగుబాటు చేయబోతున్నారన్న అనుమానంతో చిన్న కుర్రాళ్ళ బొటనవేళ్ళకు మరలు బిగించి నిజం చెప్పించిన సంగతి కూడా తన చేత్తోనే రాశాడు.

నంబరు అంటే ఏమిటో మనకు తెలుసు. ట్రంకు పెట్టె మీద నంబరు, పళ్ళెం మీద నంబరు, స్కాలర్‌షిప్పు రిజిస్టర్లో నంబరు. కానీ మన నంబరు పక్కన పేరు కూడా ఉంటుంది. సాయంత్రం హాజరు పిలిచినప్పుడు ఎవరో ఒకరు మన పేరు పిలుస్తారు.

ఆ పని అతను మనస్సాక్షి పోరు పడలేక మానేశాడా అంటే, అదీ కాదు. 1754 నవంబర్‌లో నాలుగో ప్రయాణానికి రెండు రోజులు ఉందనగా, ఇంట్లో భార్యతో కలిసి టీ తాగుతుంటే ఒక్కసారిగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. డాక్టర్లు వద్దన్నారు కాబట్టి ఓడ దిగాడు. ఆ రోజుల్లో ఈ పని తప్పని తనకు ఎప్పుడూ అనిపించలేదని, తాను ఒక జైలరులాగా ఉన్నానే అన్న చిరాకు మాత్రం ఉండేదని, ఇంకాస్త మంచి ఉద్యోగం ఇప్పించమని దేవుణ్ణి అడిగేవాడినని తర్వాత చెప్పుకున్నాడు. ఆ కాలమే అంత, ఎవరికీ తెలియదు అని అతన్ని వెనకేసుకొచ్చేవాళ్ళున్నారు. మేము ఒప్పుకోం. సరిగ్గా అదే 1754లో అమెరికాలో జాన్ వుల్మన్ అనే బట్టలు కుట్టే క్వేకర్ బానిసలను ఉంచుకోవడం పాపమని పుస్తకం అచ్చువేయించాడు. అసలు తప్పో ఒప్పో తెలియాలంటే డెక్కు కింద ఉన్నవాళ్ళను అడిగినా చెప్పేవారు.

తర్వాత న్యూటన్ లివర్‌పూల్ రేవులో కస్టమ్స్ ఉద్యోగిగా చేరాడు. గ్రీకు, హీబ్రూ సొంతంగా నేర్చుకున్నాడు. చర్చి ఆఫ్ ఇంగ్లండ్‌లో ఫాదర్ కావాలని 1758 నుంచి బిషప్పుల చుట్టూ తిరిగాడు. యూనివర్సిటీ డిగ్రీ లేదని, మెథడిస్టులతో తిరుగుతాడని తోసేశారు. డిగ్రీ లేకపోతే ఎలా చూస్తారో, వస్తే ఎలా చూస్తారో రెండూ చూసినవాళ్ళం కాబట్టి ఆ ఆరేళ్ళు మాకు బాగా అర్థమయ్యాయి. మా ఇంట్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. చివరకు లార్డ్ డార్ట్‌మత్ అనే పెద్దమనిషి సిఫారసుతో 1764లో అభిషేకం దొరికింది. ఓల్నీ అనే చిన్న ఊరికి పంపారు. లేసు అల్లుకుని బతికే పేదల ఊరు. పదహారేళ్ళు అక్కడే పనిచేశాడు. పిల్లలకు వేరే కూటం పెట్టాడు. జనం పట్టక గుడిలో గ్యాలరీ కట్టించవలసి వచ్చింది. జాన్ థార్న్‌టన్ అనే ధనవంతుడు పేదల కోసం సంవత్సరానికి 200 పౌన్లు పంపేవాడు, న్యూటన్ వాటిని ఇంటికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టడానికి ఖర్చుచేసేవాడు.

ఆ ఊళ్ళోనే విలియం కౌపర్ అనే కవి అతనికి స్నేహితుడయ్యాడు. కౌపర్ లా చదివినవాడు, మెత్తని మనసు, ఎవరికీ కీడు చేయనివాడు. కానీ మానసిక వ్యాధి అతన్ని వదలలేదు. 1773 జనవరి 1న న్యూటన్ దినవృత్తాంతముల మొదటి గ్రంథం పదిహేడో అధ్యాయం మీద ప్రసంగించాడు. తనను ఇంత దూరం తెచ్చినందుకు దావీదు ఆశ్చర్యపడే సందర్భం అది. ఆ ప్రసంగం కోసం రాసినదే 'అమేజింగ్ గ్రేస్' అని పండితుల అభిప్రాయం. కొద్ది రోజులకే కౌపర్ పూర్తిగా కుప్పకూలిపోయాడు. దేవుడు తనను శాశ్వతంగా విసర్జించాడని అతనికి గట్టి నమ్మకం ఏర్పడింది. 1800లో చనిపోయేదాకా ఆ నమ్మకం పోలేదు. మళ్ళీ గుడిలో అడుగుపెట్టలేదు. న్యూటన్ దంపతులు అతన్ని ఏడాదికి పైగా తమ ఇంట్లో ఉంచుకుని కనిపెట్టుకున్నారు. 1779లో అచ్చయిన 'ఓల్నీ హిమ్స్' పుస్తకంలో 348 పాటలున్నాయి. దాదాపు 280 న్యూటన్‌వి, మిగతావి కౌపర్‌వి. వందల మందిని అమ్మినవాడు క్షమాపణ దొరికిందని నిశ్చింతగా నిద్రపోతున్నాడు. చీమకు కూడా హాని చేయనివాడు నరకానికి పోతానని వణుకుతున్నాడు. కృప అంటే అర్హత చూసి ఇచ్చేది కాదు అన్న బోధ ఎంత కఠినమైనదో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మాకు తెలిసింది.

1780 నాటికి న్యూటన్ లండన్‌లోని సెయింట్ మేరీ వుల్‌నాత్ చర్చికి మారాడు. 1785 డిసెంబర్‌లో విలియం విల్బర్‌ఫోర్స్ అనే ఇరవై ఆరేళ్ళ పార్లమెంటు సభ్యుడు ఎవరూ చూడకుండా అతని దగ్గరకు వచ్చాడు. కొత్తగా భక్తి కుదిరింది, రాజకీయాలు వదిలేయనా అని అడగడానికి. వదలవద్దు, ఉన్నచోటే దేవుని పని చెయ్యి అన్నాడు న్యూటన్. ఆ సలహా లేకపోతే చరిత్ర ఎలా ఉండేదో!

1787లో బానిసల వ్యాపారాన్ని రద్దుచేయాలని లండన్‌లో కమిటీ ఏర్పడింది. 1788లో అరవై రెండేళ్ళ న్యూటన్ తన పాత ఓడ పుస్తకాలు ముందేసుకుని ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆఫ్రికా బానిసల వ్యాపారంపై తన ఆలోచనలు అని దానికి పేరు. అందులో తొలిసారిగా దేవుని ముందు కాక మనుషుల ముందు ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వచ్చిందనీ, ఒకప్పుడు తాను ఈ పనిలో చురుకైన పనిముట్టుననీ, తలుచుకుంటే వణుకు వస్తుందనీ రాశాడు. అరలో పుస్తకాలు పేర్చినట్టు మనుషుల్ని ఎలా పేర్చేవారో రాశాడు. రాత్రి ఏడుస్తున్న పసిబిడ్డను తల్లి చేతుల్లోంచి లాగి సముద్రంలోకి విసిరేసిన ఒక ఓడ మేట్ సంగతి రాశాడు. బ్రౌన్‌లో ఓడ లెక్క కూడా రాశాడు. 218 మందితో ఆఫ్రికా తీరం వదిలితే, పెద్దగా అంటురోగాలేవీ లేకపోయినా, దారిలో 62 మంది చనిపోయారు. తీరం వదలకముందే చనిపోయినవాళ్ళ లెక్క తన దగ్గర లేదని కూడా రాశాడు.

ఇంతవరకూ ఇతన్ని మేము 'అతను' అనే రాశాం. ఫాదర్ అయినందుకో, పాట రాసినందుకో కాదు గానీ, ఈ పుస్తకం రాసినందుకు ఇక్కడి నుంచి 'ఆయన' అంటాం.

ఆయన 1788లో ప్రివీ కౌన్సిల్ ముందు, 1790లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. లివర్‌పూల్ వ్యాపారులు బానిసలు ఓడల్లో సుఖంగా ఉంటారని, ఆడుతూ పాడుతూ ప్రయాణం చేస్తారని చెప్పుకొస్తున్న రోజులవి. వాళ్ళ మాట అబద్ధమని చెప్పడానికి లోపల ఉండి చేసినవాడి సాక్ష్యం కావాలి. మరుసటి ఏడు 1789లో ఒలౌడా ఈక్వియానో అనే మాజీ బానిస తన జీవిత కథను తానే అచ్చువేసుకున్నారు. ఓడ పైనుంచి ఒకరి సాక్ష్యం, ఓడ లోపల్నుంచి ఒకరి సాక్ష్యం ఇంగ్లండ్ జనానికి చేరాయి.

మా ప్రశ్న మళ్ళీ గుర్తుచేస్తాం. సిలువలో న్యాయం తీరిపోతే 1788లో ఈ సాక్ష్యం దేనికి? బైబిల్లోనే దీనికి జవాబు ఉందని మాకు అనిపిస్తుంది. మోషే ధర్మశాస్త్రంలో ఒకడు పొరుగువాడిది అన్యాయంగా తీసుకుంటే, ముందు దాన్ని, దానిమీద ఐదో వంతు కలిపి, ఎవరిది వారికి ఇవ్వాలి. ఆ తర్వాతే బలి. బలిపీఠం దగ్గర నిలబడ్డాక సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్ళి సమాధానపడమని కొండమీది ప్రసంగం చెబుతుంది. సుంకరి జక్కయ్య ఇంటికి యేసు భోజనానికి వెళ్ళింది అతను మారకముందే. అది కృప. కానీ తిన్నాక జక్కయ్య లేచి అన్యాయంగా వసూలు చేసింది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. దేవుడితో బాకీ తీరినంత మాత్రాన మనుషులతో బాకీ తీరదు. న్యూటన్‌గారు తన చేతులతో అమ్మినవాళ్ళను వెతికి తేలేకపోయారు. ఎవరికి తిరిగి ఇవ్వాలో వాళ్ళ పేర్లే తన దగ్గర లేవు. ఉన్నది జ్ఞాపకం ఒక్కటే, అది ఇచ్చారు. అది సరిపోతుందా అంటే, చాలదనే మా అభిప్రాయం. చాలదని ఆయనకూ తెలిసినట్టే ఆ పుస్తకం చదివితే అనిపిస్తుంది.

ఈ విషయం మన ఇళ్ళకు దూరమేమీ కాదు. మా తాతల తరంలో ఏడాది జీతానికి ఉన్నవాళ్ళు ఉన్నారు. తీసుకున్న అప్పు ఎంతో, తీరింది ఎంతో వాళ్ళకు తెలియదు. రాసేది ఆసామి, వేలిముద్ర వేసేది వీళ్ళు. జరిగిందేదో జరిగింది, దేవుడు చూసుకుంటాడు, క్షమించి మర్చిపోండి అని వాళ్ళకు సులువుగా చెప్పేవారు. కల్లంలో కొలత సరిగ్గా కొలవమని ఆసామికి చెప్పినవాళ్ళు తక్కువ.

విల్బర్‌ఫోర్స్ పెట్టిన బిల్లు 1791లో 163–88 తేడాతో ఓడిపోయింది. మళ్ళీ మళ్ళీ పెట్టారు, మళ్ళీ మళ్ళీ ఓడింది. మధ్యలో 1790లో మేరీగారు క్యాన్సర్‌తో చనిపోయారు. న్యూటన్‌గారికి చూపు మందగించింది, జ్ఞాపకశక్తి తగ్గింది, ప్రసంగం మధ్యలో ఏం చెబుతున్నారో మరిచిపోయేవారు. అయినా ఎనభై దాటేదాకా పులిపిటం ఎక్కడం మానలేదు. 1807 ఫిబ్రవరిలో ఆ బిల్లు 283–16 తో గట్టెక్కింది. మార్చి 25న చట్టమైంది. అదే ఏడాది డిసెంబర్ 21న ఆయన కన్నుమూశారు. వయసు 82. తన సమాధి మీద ఏం రాయాలో తానే రాసిపెట్టుకున్నారు. ఒకప్పుడు ఆఫ్రికాలో బానిసలకు సేవకుడినని అందులో దాచకుండా పెట్టారు. లండన్ చర్చిలో ఉన్న ఆ దంపతుల అస్థికలను 1893లో ఓల్నీకి మార్చారు.

1807 చట్టం వ్యాపారాన్ని ఆపిందే గానీ బానిసత్వాన్ని కాదు. దాని రద్దుకు 1833లో చట్టం వచ్చింది. అప్పుడు రెండు కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికి? యజమానులకు! బానిసలకు ఒక్క పైసా ఇవ్వలేదు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు తాలూకు చివరి వాయిదా బ్రిటన్ ప్రభుత్వం 2015లో తీర్చింది. ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్న మన ప్రాంతాలకు 1833 చట్టం వర్తించలేదు. ఇక్కడికి 1843లో వేరే చట్టం వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆయన పాటకు ఇప్పుడు మనం వినే రాగాన్ని 1835లో అమెరికాలో కలిపారు. దాన్ని ఎక్కువగా గుండెకు హత్తుకున్నవాళ్ళు బానిసల సంతతే అయిన నల్లజాతి క్రైస్తవులు. 2015 జూన్ 17న చార్లెస్టన్‌లో ఇమ్మాన్యుయేల్ చర్చి అనే పాత నల్లజాతివారి చర్చిలో బైబిలు స్టడీ జరుగుతుంటే, ఒక తెల్లజాతి యువకుడు వచ్చి వాళ్ళతో గంటసేపు కూర్చుని, లేచి తుపాకీతో తొమ్మిదిమందిని చంపాడు. రెండు రోజుల తర్వాత కోర్టులో చనిపోయినవాళ్ళ బంధువుల్లో కొందరు అతన్ని క్షమిస్తున్నామని చెప్పారు. అందరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరూ అనలేరు కూడా. కోర్టు మాత్రం తన పని తాను చేసింది. 2017లో మరణశిక్ష విధించింది. జూన్ 26న చర్చి పాస్టరు సంతాప సభలో ప్రెసిడెంట్ ఒబామా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, కాసేపు మౌనంగా నిలబడి, ఆ పాట అందుకున్నారు. సభ మొత్తం లేచి పాడింది.

1749లో బ్రౌన్‌లో ఓడ మిగిలిన 156 మందిని దించింది ఆ ఊరి రేవులోనే.